టోక్యోని నడిచి చూడాలంటే తూర్పు వైపు దిగండి

టోక్యో వెళ్తున్నామనగానే అందరూ ఇచ్చే సలహా ఒకటే: పడమటి వైపున్న షింజుకులోనో షిబుయాలోనో రూమ్ తీసుకోండి అని. ఊరిని కాలినడకన చూద్దామనుకునేవాళ్లకి, అందులోనూ ఇంట్లో పెద్దవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకి నేను మాత్రం తూర్పున ఉన్న ఉయెనోలో దిగమనే చెబుతాను. అమ్మ, మా ఆవిడ, నేను నవంబరు చివర్లో వెళ్లాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా గుడ్డు కూడా ముట్టని శాకాహారి. ఈ రెండూ గుర్తుపెట్టుకుని చదివితే నా మాటలు మీకెంతవరకు పనికొస్తాయో మీకే తెలుస్తుంది.

మొదట షింజుకులోనే దిగాం. ప్రపంచంలో అన్నిటికన్నా రద్దీ ఉండే రైల్వే స్టేషన్ అది. బయటికొచ్చే దారులే 200 పైచిలుకు. లిఫ్టులు ఉన్నాయి, కానీ లిఫ్ట్ దిగాక మన హోటల్ వైపు గేటు చేరడానికి స్టేషన్ లోపలే చాలా దూరం నడవాలి. పగలంతా ఉత్సాహంగా తిరిగిన అమ్మ సాయంత్రం ఆ చివరి నడక దగ్గర డీలా పడిపోయేది. రూమ్ కూడా అదే సైజుకి ఉయెనో కన్నా ఎక్కువ పడింది. అలాగని షింజుకుని వదిలేయమనడం లేదు. ఊరి ప్రభుత్వ భవనం 45వ అంతస్తులో, 202 మీటర్ల ఎత్తున, టికెట్ లేకుండా ఊరంతా చూడొచ్చు. చలికాలం ఉదయం ఆకాశం తేటగా ఉంటే ఫుజి కొండ కూడా కనిపిస్తుంది. డబ్బు పెట్టి ఇంకో టవర్ ఎక్కాల్సిన అవసరం నాకు కనిపించలేదు. రాత్రి షింజుకులోని బార్ల పేట కబుకిచోలో రోడ్డు మీద పలకరించి బార్లకి పిలిచేవాళ్ల వెంట మాత్రం వెళ్లకండి. అక్కడ మైకుల్లో పోలీసుల హెచ్చరికే అది.

తర్వాత ఉయెనోకి మారాం. నరిత ఎయిర్‌పోర్టు నుంచి స్కైలైనర్ రైలు నేరుగా ఇక్కడికే, ముప్పావుగంటలో వస్తుంది. బిజినెస్ హోటల్ రూమ్ చిన్నదే, రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరవడానికి చోటు ఉండదు. కానీ మచ్చ లేని శుభ్రత, వేడినీళ్ల కెటిల్, కింద నాణేలు వేస్తే నడిచే వాషింగ్ మెషీన్. చెక్-ఇన్ మధ్యాహ్నం 3 గంటలకంటే 3 గంటలకే, ముందు వెళ్తే సామాను మాత్రం ఉంచుకుంటారు. హోటల్ నుంచి హోటల్‌కి పెట్టెలు పంపించే కొరియర్ సర్వీసు ఉంది, దాన్ని వాడుకోండి. రిసెప్షన్‌లో ఫారం నింపి ఇచ్చేస్తే మర్నాటికి కొత్త హోటల్లో పెట్టె మనకోసం ఎదురుచూస్తూ ఉంటుంది. రైళ్లలో సామాను మోసే టెన్షన్ పూర్తిగా పోయింది.

ఇక నడక. నన్నడిగితే టోక్యోలో ఒక్క నడకకే టైముంటే నిప్పొరి స్టేషన్ పడమటి గేటు దగ్గర మొదలుపెట్టి, యనాకా, నెజు మీదుగా ఉయెనో చేరండి. నాలుగైదు కిలోమీటర్లు, మధ్యలో కూర్చోవడానికి బోలెడు చోట్లు. 1923 భూకంపాన్నీ, 1945 బాంబు దాడుల్నీ చాలావరకు తప్పించుకున్న పేట యనాకా. అందుకే ఇక్కడ చెక్క ఇళ్లు, సందులు, అడుగుకో గుడి మిగిలాయి. స్టేషన్ పక్కనే పెద్ద శ్మశానవాటిక, దాని మధ్యలోంచే జనం నడిచే దారి. అమ్మ మొదట సందేహించింది గానీ, పిల్లలు సైకిళ్ల మీద పోతుంటే చూసి తనే ముందు నడిచింది. జపాన్‌ని ఏలిన సైనిక పాలకుల్లో (షోగన్‌లలో) చివరివాడు తోకుగావా యోషినోబు సమాధి ఇక్కడే ఉంది. 1957లో తగలబడిపోయిన ఐదంతస్తుల పగోడాకి ఇప్పుడు పునాది రాళ్లే మిగిలాయి.

యనాకా గింజా బజారు గురించి అందరూ రాస్తారు, నిజంగానే బాగుంటుంది. కానీ నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది దానికి కాస్త దూరంలో కన్నోంజి గుడి ప్రహరీ. మట్టి వరస, దాని మీద పెంకుల వరస, మళ్లీ మట్టి. గోడ పైన వానకి కరిగిపోకుండా పొడుగునా చిన్న పెంకుటి కప్పు. అమ్మ దగ్గరికెళ్లి చూసి, "మా తాతగారింట్లో మట్టిగోడకి తాటాకు కప్పేవాళ్లురా, ఇదీ అంతే" అంది. ఆ గోడ దగ్గర బోర్డులు, టికెట్లు, క్యూలు ఏమీ లేవు. ఎదుటింటావిడ మొక్కలకి నీళ్లు పోసుకుంటోంది. సోమవారం మాత్రం పెట్టుకోకండి, యనాకాలో చాలా కొట్లు ఆ రోజు మూసేస్తారు.

అక్కడి నుంచి దిగువకి నెజు మందిరం. 1706లో కట్టినది, ఎర్రటి తోరణాల వరస కింద నుంచి నడిచి వెళ్లొచ్చు. ఇంకాస్త నడిస్తే ఉయెనోలో షినొబజు చెరువు. చెరువు మధ్య దీవి మీద గుళ్లో ఉన్న బెంటెన్ మన సరస్వతే, బొమ్మల్లో మామూలుగా వీణకి బదులు బివా అనే వాద్యంతో కనిపిస్తుంది. మేం వెళ్లేసరికి తామరలు ఎండి గోధుమరంగు కాడలే మిగిలాయి, పువ్వులు కావాలంటే జులై, ఆగస్టుల్లో వెళ్లాలి. ఈ గుడి ఆవరణలో రాళ్లని తప్పక చూడండి: పాత కళ్లజోళ్ల కోసం ఒకటి, వంటవాళ్ల కత్తుల కోసం ఒకటి, మనుషులు తిన్న చేపల కోసం ఇంకొకటి. అరిగిపోయినవాటికీ, ప్రాణమిచ్చినవాటికీ దండం పెట్టుకునే ఆ అలవాటు చూసి నాకు ఈ మనుషుల మీద చాలా గౌరవం కలిగింది. ఆయుధపూజ చేసుకునే మనకి అది అర్థం కావడానికి గైడ్ అక్కర్లేదు.

అసాకుసాకి ఉదయం 8 లోపే వెళ్లండి. సెన్సోజి గుడి తలుపులు చలికాలంలో ఆరున్నరకే తెరుస్తారు, కొట్లు తర్వాత ఎప్పటికో. 10 దాటాక జనం తప్ప ఏమీ కనిపించదు. ఇప్పుడున్న ప్రధాన మందిరం యుద్ధంలో పాతది కాలిపోయాక 1958లో తిరిగి కట్టింది. చాలామంది అది చూసి వెనక్కి తిరుగుతారు. మీరు సుమిదా నది ఒడ్డున ఉత్తరంగా ఓ పావుగంట నడిచి మత్సుచియామా షోదెన్‌కి వెళ్లండి. చిన్న గుట్ట మీద గుడి. దైవం కాంగితెన్, అంటే బౌద్ధంతో పాటు ఇక్కడికి చేరిన మన వినాయకుడు. మూలవిగ్రహాన్ని ఎవరికీ చూపించరు. నైవేద్యం లడ్డూ కాదు, ముల్లంగి. గుడి దగ్గరే తెల్లటి లావుపాటి ముల్లంగి దుంపలు అమ్ముతారు, కొని సమర్పించాలి. రెండు ముల్లంగులు పెనవేసుకున్న గుర్తు, డబ్బుసంచి గుర్తు మెట్ల దగ్గరా, దీపాల మీదా ఎక్కడ చూసినా చెక్కి ఉంటాయి. మొదటిది ఇంట్లో ఆరోగ్యానికీ సఖ్యతకీ, రెండోది వ్యాపారానికీ. అమ్మ ముల్లంగి పెట్టి శుక్లాంబరధరం చదువుకుంది. పక్కనున్న ముసలాయన తన ప్రార్థన ముగించి అమ్మకి తలవంచి నమస్కరించాడు. మెట్లెక్కలేనివాళ్లకి గుట్ట పక్కన చిన్న రైలుపెట్టె లాంటి లిఫ్ట్ ఉంది.

నైవేద్యం పెట్టిన దుంపల్ని గుళ్లో ప్రసాదంగా తిరిగి పంచుతారు. మాకొచ్చిన దుంప నిషి కసాయ్‌లో మా పిన్ని కొడుకు ఇంట్లో పులుసైంది. ఎదొగావా వార్డులోని ఈ పేటలో రెండు దశాబ్దాలకి పైగా మన దేశంవాళ్లు, ముఖ్యంగా ఐటీ ఉద్యోగులు ఉంటున్నారు. తోజాయ్ మెట్రో లైనులో నేరుగా ఆఫీసులకి వెళ్లొచ్చని ఇక్కడ చేరారట. చూడ్డానికి అపార్ట్‌మెంట్లు, పార్కులే. పప్పులు, పోపు సామాను అయిపోతే తప్ప యాత్రికులు ఇంత దూరం రానక్కర్లేదు.

తిండి సంగతి దాచకుండా చెబుతాను: శాకాహారికి టోక్యో కష్టమే. కూరగాయల సూప్ అన్నా అందులో చేపతో కాచిన దాషి అనే రసం ఉంటుంది. ఉయెనో స్టేషన్ లోపలున్న టీస్ తన్‌తన్‌లో చేపా గుడ్డూ ఏదీ లేని రామెన్ (నూడుల్స్ సూప్) దొరుకుతుంది, అమ్మకి బాగా నచ్చింది. ఉయెనో పక్కనే ఒకాచిమాచిలో ఆంధ్రా కిచెన్ ఉంది. ఈ రెండూ నడిచే దూరంలో ఉండటం కూడా ఉయెనోకి ఓటేయడానికి కారణమే.

మిగతావి క్లుప్తంగా. వంటసామాన్ల వీధి కప్పాబాషిలో మా ఆవిడ కూరగాయల కత్తి కొంది, పక్కన పెట్టె మీద కూర్చుని కొట్టతను పదును పెట్టిచ్చాడు. షిమోకితజావా పాత బట్టల కొట్లూ చిన్న నాటకశాలలూ ఉన్న పేట, కుర్రాళ్లకి బాగా నచ్చుతుంది. జనం ఒకేసారి అన్ని వైపులా రోడ్డు దాటే షిబుయా కూడలి చూడటం పది నిమిషాల పని.

చివర్లో యనాకాలో తాతామి చాపలున్న చిన్న సత్రంలో ఉన్నాం. రాత్రి ఏడు దాటితే ఆ సందుల్లో మన అడుగుల చప్పుడే వినిపిస్తుంది. అయితే పరుపు నేల మీద, స్నానాల గది అందరికీ కలిపి. పొద్దున్న లేవడానికి అమ్మ చాలా ఇబ్బంది పడింది. సత్రం ఆవిడ అది చూసి, అడక్కుండానే ఒక ఎత్తు కుర్చీ తెచ్చి పరుపు పక్కన వేసింది. మోకాళ్లు బాగున్నవాళ్లు యనాకాలోనే రూమ్ తీసుకోండి. లేనివాళ్లు ఉయెనోలో మంచం ఉన్న హోటల్ చూసుకుని, పొద్దున్నే నడుచుకుంటూ రండి. నవంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది, అందుకని తొమ్మిది లోపు బయల్దేరండి.