పాత ఐ5 డబ్బాలో ప్లేస్టేషన్ ఆటలు: మా ఇంటి పీసీ రివ్యూ

ముందే చెప్పేస్తాను. 2012 నాటి ఐ5 డెస్క్‌టాప్‌లో మారియో, కాంట్రా లాంటి క్యాసెట్ ఆటలు, ప్లేస్టేషన్ 1, పీఎస్‌పీ (చేతిలో పట్టుకుని ఆడే ప్లేస్టేషన్) ఆటలు నిక్షేపంగా ఆడతాయి. పీఎస్2 ఆటలు కూడా చాలావరకు ఆడతాయి గానీ, దానికి చిన్న గ్రాఫిక్స్ కార్డు పెట్టాలి. పీఎస్3 మాట మాత్రం ఎత్తకండి.

మాది పర్లాకిమిడిలో జెరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు. ఒడియాలో దరఖాస్తులు, తెలుగులో శుభలేఖలు, రెండూ ఒకే పీసీ మీద. అదే ఈ డెల్ ఆప్టిప్లెక్స్ 7010, చిన్న డబ్బా మోడల్. ఐ5-3470 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. బరంపురంలో ఒక సెకండ్ హ్యాండ్ దుకాణంలో 8 వేల లోపే వచ్చింది. షాపుకి కొత్తది కొన్నాక దీన్ని ఇంటికి తెచ్చాను. జనాల ఆధార్ కాపీలు అన్నీ తుడిచేసి, విండోస్ మళ్లీ ఎక్కించి మా తమ్ముడి కొడుక్కి ఇచ్చాను. వాడి మొదటి ప్రశ్న, "అత్తా, ఇందులో పీఎస్2 ఆడుతుందా?"

దుకాణానికి ఫోన్ చేసి అడిగితే, "16 జీబీ ర్యామ్ వేయించండి మేడమ్, దేన్నైనా లాగేస్తుంది" అన్నారు. పాత పీసీ గురించి ఎవరిని అడిగినా ఇదే మందు. నిజానికి పీఎస్2 మెయిన్ మెమరీ మొత్తం కలిపి 32 ఎంబీ. పీఎస్1కి అయితే 2 ఎంబీయే. 8 జీబీ ఉన్నవాళ్లు ఈ పని కోసం ర్యామ్ మీద ఒక్క రూపాయి కూడా పెట్టక్కర్లేదు.

కావాల్సింది ఒక్కో కోర్ (ప్రాసెసర్‌లో పని చేసే భాగం) వేగం. పీఎస్2లో ఎమోషన్ ఇంజిన్ అనే ప్రధాన ప్రాసెసర్, అందులోనే లెక్కలు చేసే రెండు వెక్టర్ యూనిట్లు, బొమ్మ గీయడానికి వేరే చిప్, సౌండు, రిమోట్ల సంగతి చూడ్డానికి ఇంకో చిన్న ప్రాసెసర్ ఉంటాయి. ఎమ్యులేటర్ అంటే పీసీని ఆ గేమ్ మెషీన్‌లా నటింపజేసే సాఫ్ట్‌వేర్. దాని పని ఎలా ఉంటుందంటే, భజనలో మృదంగం, తాళాలు, హార్మోనియం అన్నీ ఒక్కడే వాయించినట్టు. ఎమోషన్ ఇంజిన్ వేగం 300 మెగాహెర్ట్జ్ కూడా లేదు, మా ఐ5 ది 3.2 గిగాహెర్ట్జ్. పది రెట్లు ఉన్నా చెమటలు పట్టేది అందుకే. ఈ పని ముఖ్యంగా రెండు మూడు కోర్ల మీదే పడుతుంది. కాబట్టి "12 కోర్ల పాత సర్వర్ ప్రాసెసర్, చవగ్గా ఇస్తాం" అన్నా ఆశపడకండి. ఇంకా పాతదైన కోర్ 2 డుయో ప్రాసెసర్ ఉన్నవాళ్లు పీఎస్1 దగ్గర ఆగిపోవడం మంచిది.

మేం వాడింది పీసీఎస్ఎక్స్2 అనే ఉచిత ఎమ్యులేటర్. దాని సెట్టింగుల్లో ఆన్ చేస్తే తెర మూలన అంకెలు కనిపిస్తాయి: ఆట వేగం ఎంత శాతం, ప్రాసెసర్ మీద భారం ఎంత, గ్రాఫిక్స్ మీద ఎంత. వేగం 100 దగ్గర నిలబడితే అసలు పీఎస్2లో నడిచినట్టే నడుస్తున్నట్టు. తగ్గితే ఎవరి మీద భారం ఎక్కువుందో చూడాలి. గ్రాఫిక్స్ అయితే రిజొల్యూషన్ తగ్గించుకోవచ్చు. "ఈఈ" (ఎమోషన్ ఇంజిన్) అన్న వరుస నిండిపోతే అది ప్రాసెసర్ శక్తి అయిపోవడం. దానికి కార్డు కొన్నా లాభం లేదు. ఇంకో మాట, మన దేశంలో అమ్మిన పీఎస్2లు పాల్ అనే టీవీ పద్ధతివి, అందులో సెకనుకి 50 ఫ్రేములే. ఫ్రేములు 60 బదులు 50 చూపిస్తే కంగారు పడకండి, వేగం శాతం 100 ఉంటే చాలు.

కార్డు లేకుండా టెక్కెన్ 5 వేశాం. మొదటి రెండు ఫైట్లు బాగానే ఉన్నాయి. తర్వాత గుద్దు పడే చప్పుడు సాగడం మొదలైంది, వేగం 70 కి దిగింది. ఇక్కడ ఒక తేడా గమనించాలి. మొదటినుంచీ ఒకే చోట నెమ్మదిస్తే అది మెషీన్ శక్తి. కాసేపు బాగా ఆడి తర్వాత నీరసిస్తే అది వేడి. మేం చూసేసరికి ప్రాసెసర్ వేడి వంద డిగ్రీలకి అటూ ఇటూగా ఉంది. అంత వేడికి అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. డబ్బా విప్పితే ఫ్యాన్ కింద హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు రేకులు) సందుల్లో దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. ఆ కింద ప్రాసెసర్ వేడిని దానికి అందించే పేస్ట్ గోటితో గీకితే సున్నంలా రాలింది. అమ్మేముందు "ఫుల్ సర్వీస్ చేశాం" అని చెప్పిన డబ్బా అది! దుమ్ము దులిపి కొత్త పేస్ట్ రాశాక, మే నెల మధ్యాహ్నం కూడా 70 ల్లోనే ఉంటోంది. చిన్న పేస్ట్ ట్యూబుకి అయిన ఖర్చు చెప్పుకునేంత కూడా కాదు.

వేడి తగ్గినా పీఎస్2 బొమ్మకి ప్రాసెసర్‌లోనే ఉన్న హెచ్‌డీ 2500 గ్రాఫిక్స్ చాల్లేదు. అందుకే సెకండ్ హ్యాండ్‌లో జీటీ 1030 తీసుకున్నాం. దీనికి విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు, 30 వాట్లే తింటుంది, పొట్టి పట్టీ ఉన్న మోడల్ ఈ చిన్న డబ్బాలో పడుతుంది. పైగా ఆప్టిప్లెక్స్‌కి వెనక డిస్‌ప్లేపోర్ట్, వీజీఏ ఉంటాయి గానీ హెచ్‌డీఎంఐ ఉండదు. కార్డుకి ఉంది కాబట్టి టీవీ సమస్య కూడా తీరింది. కొనేటప్పుడు మాత్రం జీడీడీఆర్5 అని రాసి ఉన్నదే అడగండి. ఇదే పేరుతో డీడీఆర్4 రకం కూడా అమ్మారు. దాని మెమరీ వేగం సెకనుకి 17 జీబీ లోపు, మొదటిదానికి 48. పేరు ఒకటే, సరుకు వేరు.

కార్డు పెట్టాక టెక్కెన్ 5 రెట్టింపు రిజొల్యూషన్‌లో 100 నుంచి కదల్లేదు. జీటీఏ శాన్ ఆండ్రియాస్ ఊళ్లో జోరుగా బండి నడిపేటప్పుడు కొంచెం ఊగుతుంది, ఆడుకోవచ్చు. గాడ్ ఆఫ్ వార్ 2 లో పెద్ద రాక్షసులు వచ్చినప్పుడు ఈఈ వరుస నిండిపోయి ఆట బరువెక్కుతోంది. షాడో ఆఫ్ ది కొలోసస్ ఇంకా నెమ్మది. అయితే ఆ ఆట అసలు పీఎస్2 మీద కూడా తడబడేదే, తప్పంతా మన డబ్బాది కాదు.

పీఎస్‌పీ ఆటలకి పీపీఎస్ఎస్‌పీపీ అనే ఎమ్యులేటర్ పెట్టాం. పీఎస్‌పీ అసలు తెర 480×272 చుక్కలే. నాలుగు రెట్లు పెంచితే టీవీ తెర నిండుగా, అక్షరాలతో సహా స్పష్టంగా వస్తోంది, ఒక్కచోట కూడా ఆగలేదు. నాకైతే ఈ పీసీ పెట్టుకోవడానికి ఇదొక్కటే చాలు. ఆన్‌లైన్‌లో ‘పదివేల ఆటలు’ అని అమ్మే, టీవీకి గుచ్చే గేమ్ స్టిక్కుల కంటే వంద రెట్లు నయం.

మారియోలో బటన్ నొక్కాక గెంతు ఆలస్యంగా వస్తే పీసీని తిట్టకండి, టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. ఆటల రిమోట్ వైరుదే కొనండి. ఎమ్యులేటర్‌కి కావాల్సిన పీఎస్2 బయోస్ (మెషీన్ లోపలి మూల ప్రోగ్రామ్) ఫైలు ఎక్కడపడితే అక్కడ దించుకోవడం కాపీరైట్ లెక్కన తప్పు. అటక మీదున్న మా తమ్ముడి పాత పీఎస్2 నుంచే మేం తీసుకున్నాం. ఆటల డిస్కులూ అతనివే. పీసీలో డీవీడీ డ్రైవ్ ఉండటం ఇక్కడ కలిసొచ్చింది.

ఒక చిక్కు ఉంది. విండోస్ 10 కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి, ఈ తరం ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా లేదు. అందుకే నెట్ కేబుల్ పీకేశాను. బ్యాంకు పనులు దీంట్లో చేయనివ్వను.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లయితే ఇంచుమించు ఇదే ధరలో నాలుగో తరం ఐ5 ఉన్న ఆప్టిప్లెక్స్ 9020 దొరుకుతుందేమో అడగండి, వేగం కాస్త ఎక్కువ. డబ్బులిచ్చే ముందు మూత తీయించి, ఫ్యాన్ కింద టార్చి వేసి చూడండి.