చిన్న ఆన్‌లైన్ ప్రాథమిక పాఠశాల: తరగతిలో ఎవరెవరున్నారు?

తిరుపతి కొర్లగుంటలోని మా ఇంటి నుంచే మా అమ్మాయి ఈ ఏడాది ఒక ఆన్‌లైన్ బడిలో మూడో తరగతి చదువుతోంది. బడి పేరు ఇక్కడ రాయడం లేదు. పాఠాలు చెప్పే తీరులో వంక పెట్టడానికి లేదు. నా పేచీ అంతా చేరిన పిల్లల లెక్కతోనే.

చేర్పించే ముందు ఒక్కో తరగతిలో ఎంతమంది ఉన్నారని అడిగితే ‘చిన్న తరగతులు, ప్రత్యేక శ్రద్ధ’ అన్నారే తప్ప అంకె చెప్పలేదు. తీరా క్లాసులు మొదలయ్యాక చూస్తే, పిల్లలు చాలక మూడో తరగతినీ, నాలుగో తరగతినీ కలిపేశారు. భాగహారం లెక్క ఇవ్వగానే నాలుగో తరగతి పిల్లలు జవాబు చెప్పేస్తుంటే మూడో తరగతి వాళ్లు మైక్ మ్యూట్‌లో పెట్టుకుని చూస్తుంటారు. విద్యాహక్కు చట్టం ప్రాథమిక స్థాయిలో 30 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలంటుంది కనుక, ఆ కొలతకు ఈ బడి సులువుగానే నిలుస్తుంది. టీచరుకు ప్రతి బిడ్డ పేరూ, అలవాటూ తెలుసు.

అయితే ఆ పిల్లలు దాదాపు ఒకే రకం ఇళ్ల నుంచి వచ్చినవారు: బెంగళూరు, హైదరాబాదు ఉద్యోగుల పిల్లలు, గల్ఫ్‌లోని తెలుగువాళ్ల పిల్లలు. మా పక్కింటాయన తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు నడుపుతారు. కూతురిని ఇందులోనే చేర్పించాలనుకున్నారు గానీ, ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ పొద్దున్నే ఆయనతో పాటు కొండెక్కుతుంది. ఫీజు తగ్గించినా ఆ చిక్కు తీరదు.

తెలుగు పీరియడ్ మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. దుబాయ్ నుంచి చేరిన ఒక బాబు తెలుగు గలగలా మాట్లాడతాడు, రాయబోతే ‘కానిపాకం’ అవుతుంది. మా అమ్మాయి పలక మీద పెద్ద ‘ణ’ రాసి కెమెరాకు అడ్డంగా పట్టుకుంటుంది.

మా ఆడపడుచు కొడుకు అమెరికాలో చదివేది ఆన్‌లైన్ చార్టర్ బడి. 1991లో మిన్నెసోటా రాష్ట్రం తొలి చట్టం చేసిన ఆ పద్ధతిలో బడిని స్వతంత్ర నిర్వాహకులు ప్రభుత్వ నిధులతో నడుపుతారు, ఫీజు ఉండదు. అందుకే బడి ఎంత చిన్నదైనా తరగతివారీగా పిల్లల సంఖ్య, వారి జాతి, తక్కువ ఆదాయం వల్ల ఉచిత లేదా తగ్గింపు ధర భోజనానికి అర్హులైనవారి వివరాలు బహిరంగ లెక్కల్లోకి ఎక్కుతాయి. మరీ కొద్దిమందే ఉన్న వర్గాల అంకెలను మాత్రం పిల్లలెవరో తెలిసిపోకుండా దాచిపెడతారు. మన దగ్గర మామూలు బడుల పిల్లల వివరాలు కేంద్ర విద్యాశాఖ వారి బడుల సమాచార వ్యవస్థ యూడైస్ ప్లస్‌లో, బడికో కోడ్ కింద నమోదవుతాయి. మా అమ్మాయి బడికి యూడైస్ కోడే లేదు.

రెండో టర్మ్ ఫీజు కట్టే ముందు ఈ వివరాలను రాతపూర్వకంగా అడిగాను. తరగతివారీ సంఖ్య పంపారు. మధ్యలో మానేసినవారి సంఖ్య ఇంకా రావాల్సి ఉంది.