వీబీఎస్ పది రోజులు: చీటీ నచ్చింది, ఆటో నచ్చలేదు

గుంటూరులో మా ఇంటి దగ్గరి చర్చిలో ఈ వేసవి వీబీఎస్‌కి (వెకేషన్ బైబిల్ స్కూల్, అంటే సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ తరగతులకి) మా ఎనిమిదేళ్ల పాపను పంపాను. పాటలు, కథలు, విరామంలో రస్నా, బిస్కెట్లు అన్నీ మామూలే. నేను చూసింది వేరే.

మొదటి రోజే పాప మెడలో ఒక నంబరు వేశారు, అదే నంబరు చీటీ నాకిచ్చారు. మధ్యాహ్నం అది చూపిస్తేనే పిల్లని పంపుతారు. మూడో రోజు మా ఆయన చీటీ మర్చిపోయి వెళ్లారు. ప్రతి ఆదివారం ఆయన్ని చూసే టీచరమ్మే, "ఏమనుకోకండి బ్రదర్, సిస్టర్‌కి ఒక్క ఫోన్ చేస్తాను" అని గేటు దగ్గరే ఆపేసింది. ఆయన చిన్నబుచ్చుకున్నారు గానీ, నాకైతే ఎంత ధైర్యం వచ్చిందో! క్లాసుకి ఇద్దరు టీచర్లు, తలుపులు బార్లా తెరిచే ఉంటాయి. గోడ మీద పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు కూడా రాశారు.

పిల్లల్ని తీసుకెళ్లే ఆటో సంగతే బాగాలేదు. పదకొండు మంది పిల్లలు, డ్రైవర్ పక్కన ఇద్దరు, తోడు పెద్దవాళ్లు లేరు. అడిగితే "మన సంఘంలో అబ్బాయేనండీ" అన్నారు. నా టెన్షన్ అదే కదా! ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలో ఫారంలో లేదు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, అలాంటిది జరిగిందని తెలిస్తే ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, పెద్దలు కూర్చుని సర్దేసే వ్యవహారం కాదు.

పాస్టరమ్మగారికి చెప్పాక ఎనిమిదో రోజు నుంచి ఆటోలో ఒక అక్క కూర్చుంది. పిల్లలు మాత్రం పదకొండు మందే. చివరి రెండు రోజులూ నేనే స్కూటీ మీద దింపాను.