పాత బ్యాటరీని కొత్తదానిలా చేసిస్తామంటే నమ్మకండి (విజయవాడ వాళ్ళకి)

ఇన్వర్టర్ బ్యాటరీ కొత్తది కొనడం దండగ, పాతదాన్నే రీకండిషన్ చేసిస్తాం అని ఎవరైనా ఇంటికొస్తే ఇది చదివాకే డబ్బులివ్వండి. నాకు 3,800 పోయాయి, దానితోపాటు ఈ ఎండల్లో బోలెడు నిద్ర కూడా.

మాది పటమట. నాలుగున్నరేళ్ళ 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, గంటన్నరకే చేతులెత్తేస్తోంది. ఒకాయన వచ్చి మూతలు తీసి చూసి "ప్లేట్లకి సల్ఫేట్ పట్టింది సార్, మా కెమికల్ పోసి మిషన్ పెడితే ఇంకో మూడేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. రెండు రోజులకి తెచ్చాడు. యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ ముంచితే 1280, మీటర్ పెడితే 12.8 వోల్టులు, రెండూ మంచి రీడింగులే. ఆరు నెలల గ్యారంటీ అని కార్డు మీద రాసి సంతకం పెట్టాడు, నేను మురిసిపోయి టీ కూడా ఇప్పించాను.

మూడో రోజు రాత్రి కరెంటు పోయింది. ఒక ఫ్యాను, రెండు ఎల్ఈడీ లైట్లు, అంతే. ఇరవై నిమిషాలకే ఇన్వర్టర్ కూత మొదలెట్టింది.

ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ దగ్గరికి మోసుకెళ్తే అసలు సంగతి చెప్పాడు. బ్యాటరీ దిగిపోతున్నప్పుడు యాసిడ్‌లోని సల్ఫేట్ ప్లేట్లకి చేరుతుంది, ఛార్జింగ్ పెడితే మళ్ళీ నీళ్ళలోకి వస్తుంది. నెలల తరబడి సగం ఛార్జింగ్‌తో నడిపితే అది ప్లేట్ల మీదే గట్టిపడిపోయి ఇక రాదు, అందుకే గ్రావిటీ (హైడ్రోమీటర్ చూపే ఆ చిక్కదనం) తక్కువ చూపిస్తుంది. వీళ్ళు చేసేదేంటంటే పైన ఇంకాస్త యాసిడ్ పోసేస్తారు. రీడింగ్ పెరుగుతుంది, ప్లేట్లు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి, పైగా చిక్కటి యాసిడ్ వాటిని ఇంకా తొందరగా తినేస్తుంది. జ్వరమొచ్చినవాడి థర్మామీటర్‌ని చల్లనీళ్ళలో ముంచి తగ్గిందన్నట్టు. వోల్టుల కథా అంతే, లోడు లేకుండా, అంటే ఫ్యాన్లూ లైట్లూ ఏవీ నడపకుండా చూస్తే పాడైన బ్యాటరీ కూడా చాలాసార్లు బాగానే చూపిస్తుంది. నాదానికి లోడు పెట్టగానే లోపలున్న ఆరు సెల్స్‌లో (గదుల్లో) ఒకటి కూలబడింది, అడుగున ప్లేట్ల నుంచి రాలిన మడ్డి. రాలిపోయినదాన్ని ఏ కెమికలూ తిరిగి అంటించదు. ఆ కెమికల్ కూడా చాలామంది పోసేది మెగ్నీషియం సల్ఫేటేనట, మన గుంటూరు వైపు మిర్చి రైతులు ఎరువుల కొట్లో కొనే తెల్లపొడే!

(అన్నట్టు, బ్యాటరీ మోసినప్పుడు నా జీన్స్ మీద పడిన చుక్కలు మొదటి ఉతుకులోనే చిల్లులయ్యాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఎవరినీ యాసిడ్ డబ్బా తెరవనివ్వకండి.)

రీకండిషనింగ్ అంతా అబద్ధమనను. నీళ్ళు తగ్గిపోయో, కొన్నాళ్ళు వాడక పక్కన పడేసో డల్ అయిన బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోసి తక్కువ ఆంపియర్లలో గంటల తరబడి ఛార్జింగ్ పెడితే కొంత కోలుకుంటుంది, గుంటూరులో మా అత్తయ్యగారిది అలా ఇంకో ఏడాది నడిచింది కూడా. కానీ మన ఎండలకి నాలుగైదేళ్ళు కాలిపోయినదానికి ఆ ఆశ పెట్టుకోకండి.

అయినా ఇస్తామంటారా, బ్యాటరీ మారిపోకుండా ముందు సీరియల్ నంబరు ఫోటో తీసుకోండి. తెచ్చాక మెయిన్ ఆపేసి రెండు ఫ్యాన్లు గంటసేపు తిప్పి, అవి తిరుగుతుండగానే వోల్టులు చూడండి. 12 కంటే కిందికి జారితే పైసా ఇవ్వొద్దు.

నా గ్యారంటీ కార్డు మీది నంబరు మోగుతూనే ఉంది, ఎత్తేవాళ్ళు లేరు. బ్యాటరీ బాల్కనీలో ఉంది, ఈ ఆదివారం ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేస్తున్నా. ఆ పని ముందే చేసుంటే 3,800 కొత్తదానిలో కలిసేవి.