మెత్తని బాండా, గట్టి బాండా?

కర్నూలులో గోడౌన్ ఫ్లోర్ పట్టడానికి గ్రైండింగ్ మెషీన్ దించాక ముందు తేల్చుకోవాల్సింది డైమండ్ సెగ్మెంట్ల (మెషీన్ కింద బిగించే, వజ్రపు రేణువులున్న ముక్కల) బాండ్, అంటే ఆ రేణువులను పట్టి ఉంచే లోహం. గట్టి కాంక్రీటుకు మెత్తని బాండే వేయాలి. ఆ లోహం త్వరగా అరుగుతుంది కాబట్టి కొత్త వజ్రపు రేణువులు బయటికొస్తూ ఉంటాయి. అదే ఫ్లోర్‌కు గట్టి బాండ్ పెడితే రేణువులు మొద్దుబారినా లోహం అరగదు. సెగ్మెంట్ నున్నగా మెరుస్తుంది, మెషీన్ ఊరికే తిరుగుతుంది, ఫ్లోర్ తెగదు.

ఇసుక రాలే ఫ్లోర్‌కు గట్టి బాండ్. మెత్తనిది పెడితే ఇట్టే అరిగిపోతుంది, డబ్బు దండగ.

బేతంచెర్ల బండలకు పాలిష్ పట్టే అలవాటుతో కాంక్రీటుకూ అవే పాలిష్ రాళ్లు మెషీన్‌కు బిగించకండి, దయచేసి. ఏ బాండైనా సెగ్మెంట్లన్నీ ఒకే ఎత్తులో ఉండాలి; లేదంటే గుండ్రటి గీతలు పడతాయి. ఫ్లోర్ గట్టిదనం తెలియకపోతే మీడియం బాండ్‌తో ఒక మూల పట్టి చూడడమే నయం.