షెన్‌జెన్‌లో పైసా అడగని ప్లాజా, పైసలిచ్చినా చోటివ్వని హోటల్

హైదరాబాద్ ఆఫీసు నుంచి మా సీనియర్ ఒకాయన మూడు రోజుల పని మీద చైనాలో నేనుండే షెన్‌జెన్‌కి వచ్చారు. రూము నేనే బుక్ చేశాను. ఊళ్లో ఫుతియెన్ అనే ప్రాంతంలో, రాత్రికి 268 యువాన్లు. మన డబ్బుల్లో మూడు వేల పైమాట. ఫొటోలు చూసి "బాగానే పట్టావయ్యా" అన్నారు కూడా.

రాత్రి పదకొండుకి వెళ్తే రిసెప్షన్‌లో అమ్మాయి పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి చూసింది. ఫోన్లో ఏదో టైప్ చేసి మా ముందు పెట్టింది: విదేశీయులకు కుదరదట. ఇక్కడ దిగినవాళ్ల వివరాలు హోటళ్లు పోలీసు రికార్డులో ఎక్కించాలి. చిన్న హోటళ్లలో చాలామందికి చైనా ఐడీ కార్డు తప్ప పాస్‌పోర్టు ఎక్కించడం తెలీదు. తెలీనప్పుడు బుకింగ్ ఎందుకు తీసుకున్నట్టు? నాకొచ్చిన చైనీసంతా అయిపోయింది. ఆ అమ్మాయి నవ్వు చెదరనివ్వకుండానే తల అడ్డంగా ఊపింది. సార్ సూట్‌కేసు మీద కూర్చుని "మీ ఇంట్లో సోఫా ఉందా?" అన్నారు. సిగ్గుతో చచ్చాను. చివరికి రెండు వీధుల అవతల పెద్ద హోటల్లో 540కి దొరికింది. మొదటి డబ్బులు నాలుగు రోజులకి వెనక్కొచ్చాయి. మీరు మాత్రం బుక్ చేసేముందు "వైబిన్"ని, అంటే విదేశీ అతిథుల్ని, తీసుకుంటారా అని మెసేజ్ పెట్టి అడగండి. జవాబు రాకపోతే వదిలేయండి.

శుక్రవారం పని త్వరగానే తెమిలింది. సాయంత్రం మెట్రోలో సివిక్ సెంటర్‌కి, అంటే నగర ప్రభుత్వ భవనానికి, బయల్దేరాం. 2, 4 లైన్లు కలిసే స్టేషన్. టికెట్ 3 యువాన్లు. "గవర్నమెంటాఫీసు చూడ్డానికి ఏముంటుందయ్యా" అని సార్ దారంతా సణిగారు. బయటికొచ్చి ఆ రెక్కలు చాచిన పైకప్పు కింద నిలబడ్డాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. షెన్‌జెన్‌కి ముద్దుపేరు పెంగ్‌చెంగ్, పెంగ్ అనే పురాణ పక్షి పేరు మీద వచ్చింది. కప్పు ఆ రెక్కలే.

చీకటి పడకముందే వెనక లియెన్‌హువా కొండ ఎక్కండి. ఇరవై నిమిషాలు, టికెట్ లేదు. కింద పచ్చికలో గాలిపటాలు. పైన 2000లో పెట్టిన చైనా నాయకుడు డెంగ్ షియావోపింగ్ కంచు విగ్రహం, దక్షిణానికి పెద్ద అంగ వేస్తున్నట్టు. 1980లో ఇక్కడ ప్రత్యేక ఆర్థిక మండలి మొదలైంది ఆయన హయాంలోనే. ఎదురుగా సివిక్ సెంటర్, దాని వెనక 599 మీటర్ల పింగాన్ టవర్. సార్ మోకాళ్లు పట్టుకుని రొప్పుతూనే ఫొటోలు తీశారు.

శుక్ర, శనివారాల్లో సివిక్ సెంటర్ ప్లాజా చుట్టూ టవర్ల మీద లైట్ల షో ఉంటుంది. జనం విపరీతం. మనవడి కోసం మెరిసే బెలూన్ కొందామని సార్ 100 నోటు తీస్తే, అమ్మే ముసలావిడ మెడలో వేలాడుతున్న క్యూఆర్ అట్ట చూపించింది. చిల్లర లేదట. 10 యువాన్లు నేనే కొట్టాను. ఫోన్లో డబ్బులు కట్టే యాప్ అలీపేని ఇంటి దగ్గరే కార్డుతో కలుపుకుని రండి, ఇక్కడికొచ్చాక ఓటీపీల టెన్షన్ పడలేరు.

తిండి సంగతి సరే. కూరగాయల నూడుల్స్ అడిగితే బీఫ్ పులుసులో వేసిచ్చారు. సార్ గిన్నె పక్కకి నెట్టారు. ఇంకో కొట్లో అన్నం, టమాటా గుడ్డు కూర, 18 యువాన్లు. కారం మర్చిపోయిన అమ్మ వంటలా ఉంది. ఆయన బ్యాగులోంచి కందిపొడి డబ్బా తీశారు.

శనివారం మాల్‌కి వెళ్దామంటే, "వద్దు, ఆ కొండకే పద" అన్నారు. డబ్బా మాత్రం మర్చిపోలేదు.