ఇంటి చదువు: తరగతి పుస్తకాలా, సొంత ప్లానా?

తిరుపతిలో పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తున్న మాకు ఏటా మే నెలలో ఇదే టెన్షన్. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వరుసగా చెప్పుకుంటూ పోవాలా, ఏ ఏడు ఏం నేర్పాలో మనమే రాసుకోవాలా?

ఖర్చు: పుస్తకాలైతే పీడీఎఫ్‌లు ఉచితం. సొంత ప్లానైతే కథల పుస్తకాలు, సామాన్లు, ప్రయాణాలు.

శ్రమ: పుస్తకంలో రేపటి పాఠం సిద్ధంగా ఉంటుంది. సొంత ప్లాన్‌కి ఆదివారం రాత్రి మనమే కూర్చోవాలి. కానీ ఆ కూర్చోవడం ఊరికే పోదు. విజయనగర చరిత్రకు చంద్రగిరి రాజమహల్ ఉంది, రాళ్ల వయసు చెప్పడానికి తిరుమల శిలాతోరణం ఉంది. శ్రీకాళహస్తి కలంకారీలో బెల్లం నీళ్లలో ఇనుము నానబెట్టిన ద్రవం, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద నల్లబడుతుంది. రసాయన శాస్త్రం అంతకంటే బాగా ఎక్కదు.

రిస్క్: పుస్తకాలతో విసుగు. సొంత ప్లాన్‌తో ఖాళీలు. మా ఇంట్లో ఏడాది పాటు భిన్నాలు ఎవరికీ గుర్తే రాలేదు!

పదో తరగతి: ఏ దారైనా కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో రాయొచ్చు. 14 ఏళ్లు నిండాలి, 5 సబ్జెక్టులు పాసవ్వాలి. తెలుగు మాధ్యమం ఉంది. 5 ఏళ్లలో 9 అవకాశాలిస్తారు.

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో, లేదా పిల్లలకు 12 దాటితే పుస్తకాలే మేలు. పదేళ్లలోపు పిల్లలు, ఇంట్లో ఒకరు తీరికగా ఉంటే సొంత ప్లాన్. లెక్కలు మాత్రం అప్పుడూ పుస్తకం ప్రకారమే.